వెయ్యి పాసులు... గోల్ మాత్రం సున్నా!

ఎంత కష్టపడ్డామన్నది కాదు... ఎక్కడ ఆగిపోతున్నామన్నది ముఖ్యం. ప్రపంచకప్‌లో స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టుకు ఎదురైన ఓ ఓటమి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు చెప్పే సంగతి ఇదే. ఆ మ్యాచ్‌ని ఓసారి విప్పి చూద్దామా!

2022 డిసెంబరు 6. ఖతార్‌లోని ఎడ్యుకేషన్ సిటీ స్టేడియం. ప్రపంచకప్ ప్రీక్వార్టర్ ఫైనల్లో స్పెయిన్, మొరాకో తలపడ్డాయి. అదనపు సమయంతో కలిపి ఆట 120 నిమిషాలు సాగింది. నాలుగింట మూడొంతుల సేపు బంతి స్పెయిన్ ఆటగాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న పాసులు వెయ్యి దాటాయి. సరిగ్గా చెప్పాలంటే 1019. మరి గోల్‌పోస్టు లోపలికి గురి కుదిరిన షాట్లు ఎన్ని? ఒక్కటంటే ఒక్కటి! గోల్స్ సున్నా. తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో ముగ్గురు తన్నితే ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. మొరాకో 3-0తో షూటౌట్ గెలిచింది. 2010 ప్రపంచ విజేత సామాను సర్దుకుని ఇంటికెళ్లిపోయింది.

ఈ స్కోరు ఎక్కడో చూసినట్టుంది కదూ? మూడు జాబ్ పోర్టళ్లలో ప్రొఫైళ్లు, రెండొందల దరఖాస్తులు, ఫోల్డర్ నిండా ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు, అర్ధరాత్రి దాకా ప్రిపరేషన్... ఆఫర్ లెటర్ మాత్రం సున్నా. సాయంత్రం ఇంటి నుంచి ఫోన్: ‘‘ఏమైంది రా, రిజల్ట్ వచ్చిందా?’’ ఏం చెప్పాలో తోచదు. ‘ఇంకా ఎక్కువ కష్టపడాలేమో’ అనుకుంటాం. మర్నాటి నుంచి మరో వంద దరఖాస్తులు మొదలుపెడతాం.

ఆగండి. ఆ రోజు స్పెయిన్‌కి కావలసింది మరో వంద పాసులా?

బంతి ఎవరి దగ్గర ఉందన్నది కాదు...

మొరాకో కోచ్ వలీద్ రెగ్రాగికి ఓ విషయం బాగా తెలుసు. బంతి కోసం స్పెయిన్‌తో పోటీపడితే అలసిపోవడమే తప్ప ఫలితం ఉండదు. అందుకే బంతిని వాళ్లకే వదిలేశాడు. తన ఆటగాళ్లను రెండు వరుసలుగా దగ్గరదగ్గరగా నిలబెట్టాడు. వెనక నలుగురు డిఫెండర్లు, ముందు మిడ్‌ఫీల్డర్ల వరుస, ఆ రెంటి మధ్య కాపలాగా సోఫియాన్ అమ్రబాత్. ‘పక్కకు ఎంతైనా ఆడుకోండి, మధ్యలోంచి మాత్రం పోనివ్వం’ అన్నట్టుగా ఉంది ఆ ఏర్పాటు.

స్పెయిన్ సరిగ్గా ఆ పనే చేసింది. వెనకాల సెంటర్ బ్యాక్‌లుగా ఆడిన రోడ్రి, లపోర్త్ ఒకరికొకరు బంతి ఇచ్చుకున్నారు. అక్కడి నుంచి మిడ్‌ఫీల్డ్‌కి, మళ్లీ వెనక్కి. పాసుల లెక్క పెరుగుతూ పోయింది. మొరాకో గోడ మాత్రం కదల్లేదు. మొదటి అర్ధభాగమంతా కలిపి స్పెయిన్ కొట్టిన షాట్ ఒకే ఒకటి. అసెన్సియో కొట్టిన ఆ బంతీ పక్క వలకు తగిలింది.

ఎందుకిలా? ఆట తీరు చూస్తే మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి: బాక్సులో మనిషి లేడు. కోచ్ లూయిస్ ఎన్రికే ఆ రోజు అసలైన స్ట్రైకర్‌ని పెట్టలేదు. ముందు వరుస మధ్యలో ఆడిన అసెన్సియో బంతి కోసం మాటిమాటికీ మిడ్‌ఫీల్డ్‌లోకి దిగేవాడు. అలా దిగితే పాసులు ఇవ్వడానికి ఇంకొకరు దొరుకుతారు, నిజమే. కానీ గోల్ ముందు కాచుకుని ఉండేవాడు ఉండడు. కూర రుచిగా వండి, వడ్డించే వేళకు విస్తరి లేదన్నట్టు!

రెండు: అంచుల్లో పదును లేదు. రెండు పక్కలా ఆడినవాళ్లు ఎదుటి డిఫెండర్‌ని దాటుకుని దూసుకుపోవడం కన్నా లోపలికి వచ్చి పాసుల్లో కలవడానికే చూశారు. దాంతో అసలే ఇరుకుగా ఉన్న మధ్యభాగం మరింత ఇరుకైంది. ఒకరిద్దరు అంచు వెంట పరుగెడితేనే ఎదుటి గోడ సాగుతుంది. అలా సాగితేనే సందు దొరుకుతుంది.

మూడు: వేగం లేదు. బంతి పక్కకు మెల్లగా వెళ్తుంటే ఎదుటి జట్టు మొత్తం అదే తీరులో మెల్లగా జరిగి సర్దుకుంటుంది. గోడకు ఊపిరి సలపనివ్వకపోతే కదా ఇటుక జారేది!

ఇక్కడ మీ ఆట చూసుకోండి. అప్లై బటన్ నొక్కడం, కొత్త కోర్సులో చేరడం, వీడియో పాఠాలు చూడటం... ఇవన్నీ పాసులే. తప్పు కాదు, అవి లేకుండా ఆటే లేదు. కానీ ఇవి చేస్తున్నంతసేపూ ఏదో సాధిస్తున్నామన్న తృప్తి ఉంటుంది. ఎవరూ మనల్ని కాదనరు, ఎవరూ ప్రశ్న అడగరు. మాక్ ఇంటర్వ్యూలో కూర్చోవడం, రాసిన కోడ్‌ని సీనియర్‌కి చూపించడం, మనకు కావలసిన పని చేస్తున్నవాళ్లతో నేరుగా మాట్లాడటం... ఇవి షాట్లు. తప్పిపోవచ్చు, నవ్వులపాలు కావచ్చు. అందుకే వాటిని వాయిదా వేస్తుంటాం. గత నెలలో మీరు కొట్టిన షాట్లు ఎన్నో ఓసారి లెక్కేయండి.

ఏడు గోల్స్ చేసిన మోసం

ఈ లోపం స్పెయిన్‌కి ముందే ఎందుకు కనపడలేదు? కారణం ఒక పెద్ద విజయం. టోర్నీలో తొలి మ్యాచ్‌లోనే కోస్టారికాపై 7-0తో గెలిచారు. అప్పుడూ పాసులు వెయ్యి దాటాయి. కోస్టారికా ఒక్క షాట్ కూడా కొట్టలేకపోయింది. ‘మన పద్ధతి అద్భుతం’ అనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత చూడండి. జర్మనీతో 1-1 డ్రా. జపాన్ చేతిలో 1-2 ఓటమి. ఆ మ్యాచ్‌లో జపాన్ దగ్గర బంతి ఉన్నది సుమారు 18 శాతం సమయమే, అయినా గెలిచింది. ఆఖరికి మొరాకోతో సున్నా. అంటే నాలుగు మ్యాచ్‌ల్లో తొమ్మిది గోల్స్ కొడితే, అందులో ఏడు ఒక్క రోజువే. మిగతా రెండూ ఒక్కడే కొట్టాడు... స్ట్రైకర్ అల్వారో మొరాటా. మొరాకోపై మ్యాచ్ మొదలైనప్పుడు బెంచీ మీద కూర్చున్నదీ ఆ మొరాటానే! 63వ నిమిషంలో గానీ లోపలికి పంపలేదు.

సగటు చూస్తే మ్యాచ్‌కి రెండు గోల్స్ పైనే. విడివిడిగా చూస్తే అసలు కథ వేరే. కాలేజీలో పెట్టిన తేలికైన మోడల్ టెస్టులో తొంభై మార్కులు వచ్చాయని ఆప్టిట్యూడ్ పక్కన పెట్టేసినవాళ్లు, ఒక ఇంటర్వ్యూ బాగా జరిగిందని అదే జవాబులు అన్నిచోట్లా అప్పజెప్పేవాళ్లు చేసే పొరపాటు ఇదే. మంచి రోజుని పక్కకు తీసి, మిగతా రోజుల్లో ఏం జరుగుతోందో చూడండి.

జబ్బు ఒకచోట... మందు ఇంకోచోట

ఇంకో ముచ్చట. మొరాకోతో మ్యాచ్‌కి ముందు ఎన్రికే ఓ విషయం చెప్పాడు. ప్రపంచకప్‌కి వచ్చేలోపు తమ క్లబ్బుల్లో కనీసం వెయ్యి పెనాల్టీలు ప్రాక్టీస్ చేసి రండని ఆటగాళ్లకు ఏడాది ముందే హోంవర్క్ ఇచ్చాడట. ఎందుకంటే 2018 ప్రపంచకప్‌లో రష్యా చేతిలో, 2021లో జరిగిన యూరో కప్ సెమీస్‌లో ఇటలీ చేతిలో... రెండుసార్లూ స్పెయిన్ ఓడింది పెనాల్టీల్లోనే.

హోంవర్క్ ఏమైంది? సరాబియా తన్నిన బంతి పోస్టుకు తగిలింది. సోలెర్, బుస్కెట్స్ తన్నినవి గోల్‌కీపర్ యాసిన్ బోనో ఆపేశాడు. మాడ్రిడ్‌లోనే పుట్టి పెరిగిన అష్రఫ్ హకీమీ మొరాకో తరఫున ఆఖరి పెనాల్టీని తాపీగా, గోల్‌కి సరిగ్గా మధ్యలోకి తేలేసి కథ ముగించాడు.

పెనాల్టీలు ప్రాక్టీస్ చేయడం తప్పా? కాదు. కానీ నాలుగేళ్ల కిందట రష్యాతో మ్యాచ్‌లోనూ స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఆడి ఒక్క గోల్‌తోనే సరిపెట్టుకుంది. ఆ ఒక్కటీ రష్యా ఆటగాడి కాలికి తగిలి వాళ్ల గోల్‌లోకే పోయినది! అసలు జబ్బు పెనాల్టీల్లో లేదు. 120 నిమిషాల్లో గోల్ కొట్టలేక పెనాల్టీల దాకా వెళ్లాల్సి రావడంలో ఉంది. కళ్లకు కనిపించింది ఆఖరి దెబ్బ. అందుకే మందు అక్కడ రాశారు.

మనమూ అంతే. ‘ఇంగ్లిష్ రాకే పోయింది’ అనుకుని స్పోకెన్ క్లాసులో చేరతాం. తీరా చూస్తే ఇంటర్వ్యూ దాకా వెళ్లింది రెండుసార్లే, మిగతా పద్దెనిమిది సార్లూ రాత పరీక్షలోనే ఆగిపోయాం! ఆఖరి ఓటమి బాగా గుర్తుంటుంది, ఎందుకంటే అది బాగా బాధపెట్టింది. కానీ ఎక్కువసార్లు ఎక్కడ ఆగుతున్నామో చెప్పేది జ్ఞాపకం కాదు, లెక్క.

గొలుసు ఎక్కడ తెగుతోంది?

పెద్ద జట్ల దగ్గర ఇప్పుడు పెర్ఫార్మెన్స్ అనలిస్టులు ఉంటారు. ‘ఎందుకు ఓడాం?’ అన్న పెద్ద ప్రశ్నను వాళ్లు చిన్న ముక్కలుగా విడగొడతారు. బంతి మన దగ్గర ఎంతసేపుంది? అందులో ఎదుటి జట్టు గోల్ వైపున్న మూడో భాగానికి ఎన్నిసార్లు చేరింది? అందులో పెనాల్టీ బాక్సులోకి ఎన్నిసార్లు వెళ్లింది? అక్కడి నుంచి ఎన్ని షాట్లు? వాటిలో గురి కుదిరినవి ఎన్ని? గోల్స్ ఎన్ని? ఇదొక గొలుసు. ఏ లింకు దగ్గర అంకె ధడాల్న పడిపోతుందో, జబ్బు అక్కడుంది.

షాట్ ఎంత మంచిదో చూడటానికీ ఒక కొలత ఉంది. ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ అంటారు, పొట్టిగా ఎక్స్‌జీ. ఒక చోటు నుంచి, ఒక కోణంలో కొట్టిన షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో పాత షాట్ల లెక్కలతో అంచనా వేస్తారు. పెనాల్టీ అయితే నాలుగింట దాదాపు మూడొంతులు. దూరం నుంచి, గుంపులోంచి కొడితే పదింట ఒక వంతు కూడా ఉండదు. అంటే షాట్లన్నీ ఒకటి కాదు. మీ అర్హతకు సంబంధం లేని రెండొందల పోస్టులకు అప్లై చేయడం, సరిపోయే ఇరవై పోస్టులకు రెజ్యుమె మార్చి పంపడం... ఈ రెండూ ఒకటేనా?

మీ గొలుసు ఇలా ఉంటుంది: దరఖాస్తు, షార్ట్‌లిస్ట్, రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్ లేదా టెక్నికల్ రౌండ్, హెచ్ఆర్ రౌండ్, ఆఫర్. ఎక్కడ తెగితే ఏం చూడాలో గమనించండి.

• దరఖాస్తులు బోలెడు, కాల్స్ లేవు: రెజ్యుమెలోనో, ఎంచుకున్న పోస్టుల్లోనో తేడా ఉంది. ప్రకటనలో అడిగిన నైపుణ్యాలు మీ రెజ్యుమె మొదటి సగంలో కనిపిస్తున్నాయా? అన్ని పోస్టులకూ ఒకే కాపీ పంపుతున్నారా?

• కాల్ వస్తోంది, రాత పరీక్షలో పోతోంది: తెలియక పోతోందా, టైం చాలక పోతోందా? రెండింటికీ మందు వేరు. టైం పెట్టుకుని పూర్తి పేపర్లు చేస్తే వారంలో తేలిపోతుంది.

• టెక్నికల్ రౌండ్‌లో పోతోంది: రెజ్యుమెలో రాసిన ప్రతి మాట మీద రెండు నిమిషాలు మాట్లాడగలరా? ప్రాజెక్టులో మీరు చేసిందేమిటో ‘మేం’ అనకుండా ‘నేను’ అని చెప్పగలరా? చెప్పలేకపోతే కొత్త కోర్సు వద్దు, పాత ప్రాజెక్టునే మళ్లీ తెరవండి.

• ఆఖరి రౌండ్ దాకా వెళ్లి పోతోంది: ఇది చేదుగా ఉంటుంది గానీ, మీ ఆట చాలావరకు బాగున్నట్టే లెక్క. మీ గురించి మీరు చెప్పుకునే తీరు, ఆ సంస్థ గురించి తెలుసుకున్నదెంత, ఊరు మారడం గురించి ఇచ్చే జవాబు... వీటిని సీనియర్ ముందు రెండు మూడుసార్లు చెప్పి చూడండి.

ఒక్క ఓటమితో తీర్పు ఇచ్చుకోవద్దు. కనీసం పది, పదిహేను ప్రయత్నాల లెక్క ఉంటే గానీ తీరు కనిపించదు.

అన్నీ మార్చేయలేదు

మొరాకోతో ఓడిన రెండు రోజులకే స్పెయిన్ కోచ్ మారాడు. లూయిస్ డె లా ఫ్యుయెంటే వచ్చాడు. అంతకుముందు స్పెయిన్ కుర్రాళ్ల జట్లకు శిక్షణ ఇచ్చిన మనిషి. రాగానే మంత్రమేమీ వేయలేదు. నిజానికి తన రెండో మ్యాచ్‌లోనే స్కాట్లాండ్ చేతిలో 0-2తో ఓడిపోయాడు! సరైన మార్పు కూడా వెంటనే ఫలితం ఇవ్వదని గుర్తుంచుకోవడానికి ఈ స్కోరు చాలు.

పాసుల ఆటను ఆయన పారేయలేదు. అది స్పెయిన్ బలం. మార్చింది తెగిన లింకునే. సెంటర్ బ్యాక్‌గా ఆడించిన రోడ్రిని అతడి సొంత చోటైన మిడ్‌ఫీల్డ్‌కి తెచ్చాడు. మొరాటాకి ముందు వరుసతో పాటు కెప్టెన్సీ కూడా ఇచ్చాడు. రెండంచుల్లో ఎదుటివాడిని దాటి దూసుకుపోయే ఇద్దరు కుర్రాళ్లను పెట్టాడు. ఎడమ పక్క నికో విలియమ్స్, కుడి పక్క లమీన్ యమాల్.

2023 జూన్‌లో నేషన్స్ లీగ్ ఫైనల్. క్రొయేషియాతో 0-0. మళ్లీ పెనాల్టీలు! ఈసారి స్పెయిన్ 5-4తో గెలిచింది. ఏడాది తర్వాత 2024 యూరో కప్‌లో తొలి మ్యాచ్ అదే క్రొయేషియాతో. ఆ రోజు బంతి స్పెయిన్ దగ్గర కన్నా క్రొయేషియా దగ్గరే ఎక్కువసేపు ఉంది. అయినా స్పెయిన్ 3-0తో గెలిచింది. బంతి పట్టుకుని కూర్చోవడమే గొప్ప అనుకున్న జట్టు, అవసరమైతే దాన్ని వదిలేయడమూ నేర్చుకుందన్నమాట.

ఆ టోర్నీలో ఏడు మ్యాచ్‌లాడి ఏడూ గెలిచింది. 15 గోల్స్ కొట్టింది. జులై 14న బెర్లిన్‌లో ఇంగ్లండ్‌తో ఫైనల్. రెండో అర్ధభాగం మొదలైన రెండు నిమిషాలకే కుడి పక్క నుంచి యమాల్ లోపలికి వచ్చి పాస్ ఇస్తే, ఎడమ పక్క నుంచి వచ్చిన నికో గోల్ కొట్టాడు. ముందు రోజే పదిహేడో పుట్టినరోజు చేసుకున్న యమాల్, ఈ టోర్నీకి స్కూల్ హోంవర్క్ కూడా వెంట తెచ్చుకున్న పిల్లాడు. స్పెయిన్ 2-1తో కప్పు గెలిచింది. ఆ ఏడాది బాలన్ డోర్ రోడ్రికి దక్కింది.

మరి నికో? మొరాకోతో ఓడిన రోజు అతడూ మైదానంలో ఉన్నాడు. 75వ నిమిషంలో లోపలికి వచ్చాడు. 118వ నిమిషంలో బయటికి పిలిచేశారు... పెనాల్టీ తన్నడం కోసం సరాబియాని దింపడానికి. అంటే స్పెయిన్‌కి కావలసింది ఓడిన రోజు కూడా వాళ్ల బెంచీ మీదే ఉంది. మీ విషయంలోనూ కొత్తగా నేర్చుకోవాల్సినదాని కన్నా, ఉండి కూడా వాడని బలం ఏమైనా ఉందేమో చూసుకోండి. తెలుగు మీడియంలో చదివి లెక్కల్లో గట్టిగా ఉన్నవాళ్లు, కాలేజీ ఫెస్టులు నడిపించినవాళ్లు, ఇంటి దుకాణంలో లెక్కలు చూసినవాళ్లు ఆ సంగతి రెజ్యుమెలో రాయనే రాయరు!

ప్రతి ఓటమీ మీ తప్పు కాదు

ఇదీ చెప్పుకోవాలి. ఆ రోజు అదనపు సమయం ఆఖరి క్షణాల్లో సరాబియా కొట్టిన షాట్ పోస్టుకు తగిలి బయటికి పోయింది. అంగుళాల తేడా. అది లోపలికి పడి ఉంటే ఈ కథే వేరుగా ఉండేది. పైగా మొరాకో ఆషామాషీ జట్టు కాదు. తర్వాత పోర్చుగల్‌నీ ఓడించి, ప్రపంచకప్ సెమీస్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా చరిత్రకెక్కింది.

ఉద్యోగాల్లోనూ అంతే. ఖాళీలు తగ్గిన ఏడాది ఉంటుంది. మీ కన్నా అనుభవం ఉన్నవాళ్లు అదే పోస్టుకి వస్తారు. మీ చేతిలో లేని వాటికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మీ చేతిలో ఉన్నవాటిని మాత్రం అదృష్టం ఖాతాలో వేసేయకండి. ఈ రెండింటినీ విడదీయడానికే లెక్క కావాలి.

ఈ వారం ఇలా చేసి చూడండి

• ఒక నోట్‌బుక్ గానీ, ఎక్సెల్ షీట్ గానీ తెరవండి. గత మూడు నెలల్లో చేసిన ప్రయత్నాలన్నీ రాయండి. ఎదురుగా ఏ దశలో ఆగిందో ఒక్క మాటలో రాయండి.

• ఎక్కువసార్లు ఆగిన దశ చుట్టూ గీత గీయండి. వచ్చే నాలుగు వారాలు మీ సమయంలో సగం ఆ ఒక్కదానికే.

• బాగా జరుగుతున్నదాన్ని కదిలించకండి. రెజ్యుమెకు కాల్స్ వస్తుంటే దాన్ని మళ్లీ తిరగరాయడం వృథా.

• వారానికి కనీసం రెండు ‘షాట్లు’... మాక్ ఇంటర్వ్యూ, టైం పెట్టుకుని రాసే టెస్టు, సీనియర్‌తో మాట. ఏదైనా సరే, ఎదుటి మనిషి నుంచో గడియారం నుంచో జవాబు రావాలి.

• డేటా అనలిస్టు ఉద్యోగాలు చూస్తున్నవాళ్లకు ఒక ప్రాజెక్టు: 2022 ప్రపంచకప్, 2024 యూరో కప్ మ్యాచ్‌ల డేటాను స్టాట్స్‌బాంబ్ సంస్థ గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టింది. స్పెయిన్ ఆడిన మ్యాచ్‌లు తీసుకుని, పాస్ నుంచి గోల్ దాకా గొలుసు ఏ టోర్నీలో ఎక్కడ తెగిందో పైథాన్‌తోనో ఎస్‌క్యూఎల్‌తోనో చూపించండి. అందరి రెజ్యుమెల్లో ఉండే ప్రాజెక్టుల మధ్య ఇది వేరుగా కనిపిస్తుంది. ‘ఇందులో మీరేం కనుక్కున్నారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఓ కథ కూడా ఉంటుంది.

ఈసారి ‘సారీ’ అంటూ మెయిల్ వస్తే ఆ సాయంత్రం ఏమీ చేయకండి. స్నేహితులతో టీ తాగండి, ఇంటికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి. పొద్దున లేచాక నోట్‌బుక్ తీసి ఆ సంస్థ పేరు, ఆగిన రౌండ్ రాయండి. ఇంటి నుంచి మళ్లీ ‘‘ఏమైంది రా?’’ అని అడిగితే ఈసారి చెప్పడానికి మాట దొరుకుతుంది: ‘‘రాలేదమ్మా. టెక్నికల్‌లో ఆగింది. ఈ నెలంతా దాని మీదే కూర్చుంటున్నా.’’